అడవిపొగ: దాని వయస్సు, దాని వన్నె

ఏటేట శివరాత్రి గడచి ఎండలు ముదిరినంతనే నల్లమల కొండలయందు నిప్పు రేగుట పాణ్యము, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి క్రొత్త సంగతి కాదు. నల్లమల ఆకురాల్చు అడవి. మాఘ ఫాల్గుణములలో చెట్ల ఆకు చాలవఱకు రాలి నేలపై పరచుకొనును. దానికి తోడు నిలువెత్తు బోదగడ్డి యెండి నిలిచియుండును. లేతగడ్డి మొలచునను ఆశతో నిప్పు పెట్టిన కాపరి యొకడు, తేనెపట్టు తీయుటకై పొగపెట్టి దివిటీని అచ్చటనే విడిచినవా డొకడు, చుట్టపీకను ఆర్పక పారవైచిన బాటసారి యొకడు, వంట చేసికొని పొయ్యి ఆర్పక లేచిపోయిన యాత్రికు డొకడు, ఇట్లు నిప్పునకు మూలము మనుష్యులే. పిడుగు పడి మన యడవి యంటుకొనుట అరుదు. ఈ నింద యంతయు అడవిలో నివసించు చెంచులపై మోపువారు కొందఱు కలరు. అది న్యాయము కాదని మా యభిప్రాయము. తమ తేనె, తమ ఇప్పపువ్వు, తమ గడ్డలు దొరకు అడవి బూడిదయైనచో మొదట పస్తుండవలసినవారు వారే కదా.

నిప్పును గూర్చి అటవీశాఖవారు చెప్పుచునే యున్నారు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది పొగను గూర్చి.

నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు రైలుబండిలో గాజులపల్లె దాటి కొండలలో ప్రవేశించినపుడు, ప్రక్కనే మండుచున్న గడ్డినుండి లేచు పొగను మా విద్యార్థులలో కొందఱు చూచియుందురు. భగ్గున మండుచోట అది నల్లగా నుండును. మంట చల్లారి మొద్దులు రాజుకొనుచున్నచోట పసుపు కలిసిన బూడిదవన్నెగా నుండును. అదే పొగ గాలితో పడమరకు సాగి కుందూలోయలోనికి దిగి నంద్యాలను చేరుసరికి కొంత మారును. పాణ్యము చేరుసరికి దానిని పొగ యని యెవరును అనరు. "మబ్బుగా నున్నది" అందురు. తెల్లవారుజామున లేచినవారు "మంచు పట్టినది" అందురు. తూర్పున నల్లమల గీత కనబడకుండ తెల్లని తెఱ యొకటి వ్రేలాడుచుండును, అంతే.

తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఈ విషయమై మమ్ము అడిగిన ప్రశ్న మంచిది. "అయ్యవారూ, పొగ దూరము వచ్చి పలుచబడుటచేత తెల్లనైనదా?" అని వాడడిగెను. పలుచబడుట నిజమే. కాని ఒక సిరాబొట్టును బిందెడు నీటిలో కలిపినచో నీరు లేతనీల మగును గాని పాలవలె తెల్లనగునా? కాదు. కావున త్రోవలో పొగకు పలుచబడుటయే గాక మఱియొక మార్పు కూడ కలుగుచుండవలెను. మనుష్యునకు ప్రాయము వచ్చినట్లు పొగకును ప్రాయము వచ్చును. ప్రాయముతోపాటు దాని వన్నెయు మారును.

మహానంది యడవినుండి పాణ్యమునకు సుమారు 30 కిలోమీటర్లు. గాలి గంటకు 10 కిలోమీటర్ల వేగమున వీచినచో పొగకు మూడుగంటల ప్రయాణము. అహోబిలపు టడవిలో లేచిన పొగ ఆగ్నేయపు గాలితో వచ్చినచో ఇంచుమించు రెట్టింపు కాలము పట్టును. గాలి నిలిచిన రాత్రి లోయలోనే చిక్కుకొని మఱునాడు కదలిన పొగ యింకను పెద్దది. ఒకే యుదయమున మన తలలపై మూడుగంటల పసిపొగయు, ఒక రాత్రి గడపిన ముదురుపొగయు కలిసియుండవచ్చును. వానితో రోడ్ల దుమ్మును, బేతంచెర్ల నాపరాళ్ల పొడియు కలియును. కాని రాతిదుమ్ము కణములు పొగకణములకంటె చాల పెద్దవి, త్వరగా నేలకు దిగును.

పొగ యనగా నేమి? అది వాయువు మాత్రమే కాదు. వాయువులో తేలియాడు అతిసూక్ష్మములైన కణముల గుంపు. ఈ కణములలో అధికభాగము మైక్రానులో పదవ వంతు మొదలు మూడు పదవ వంతులవఱకు వ్యాసము గలవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. అట్టి వెండ్రుక మందములో కొన్ని వందల పొగకణములను ప్రక్కప్రక్కన పేర్చవచ్చును.

ఈ కణములయందు ముఖ్యముగా రెండు పదార్థములు కలవు. భగ్గున మండు మంటయందు పుట్టునది మసి. అది శుద్ధ కర్బనమునకు దగ్గరిది. మిక్కిలి చిన్న గోళములు పూసలదండవలె ఒకదాని కొకటి అంటుకొని వంకరటింకర గొలుసులై యుండును. మంట లేక రాజుకొను కట్టెనుండి వచ్చునది రెండవది. దానిని మేము జిడ్డు అందుము. కట్టెలోని పదార్థములు పూర్తిగా కాలక ఆవిరియై, చల్లని గాలి తగిలి తిరిగి గడ్డకట్టగా నేర్పడునది యిది. కట్టెలపొయ్యి గల ఇంట దూలములను వ్రేలితో రాచి చూడుడు. నల్లని మసియు, వ్రేలికి అంటుకొను తేనెవన్నె జిడ్డును రెండును కలిసి వచ్చును. అడవిపొగయందు తూకమునకు జిడ్డే యెక్కువ, మసి కొద్ది. కాని ఆ కొద్ది మసియే పొగ నలుపునకు ముఖ్యకారణము.

ఇక వెలుతురు సంగతి. కణముపై పడిన వెలుతురునకు రెండే గతులు. ఒకటి, కణమును తాకి ప్రక్కలకు చెదరిపోవుట. రెండు, కణముచేత మ్రింగబడి వేడిగా మారుట. చెదరగొట్టు కణము మనకు తెల్లగానో నీలముగానో కనబడును. మ్రింగు కణము నల్లగా కనబడును. చెదరుటయందు కణముల పరిమాణమే ప్రధానము. కంటికి కనబడు వెలుతురు తరంగములు మైక్రానులో 0.4 మొదలు 0.7 వఱకు పొడవు గలవి. నీలము పొట్టిది, ఎఱుపు పొడుగైనది. కణము తరంగముకంటె చాల చిన్నదైనచో నీలము మిక్కుటముగను, ఎఱుపు కొద్దిగను చెదరును. ఆకాశము నీలముగా నుండుటకు లార్డు రేలీ చెప్పిన కారణ మిదియే. కణము పెరిగి తరంగముతో సమానమైనకొలది అన్ని వన్నెలును ఇంచుమించు సమముగా చెదరి తెలుపు ఏర్పడును. 1908లో గుస్తావ్ మీ యను జర్మనుపండితుడు ఏ పరిమాణముగల గోళము ఏ వన్నెను ఎంత చెదరగొట్టునో లెక్కకట్టు మార్గమును ప్రచురించెను; నేటికిని పొగలెక్కలకు అదియే పునాది.

దీనిని చూచుటకు ఉపకరణములు అక్కఱలేదు. గాజుగ్లాసెడు నీటిలో రెండు మూడు చుక్కల పాలు కలిపి, చీకటిగదిలో ఒక ప్రక్కనుండి టార్చిలైటు వేయుడు. ప్రక్కనుండి చూచినచో నీరు కొంచెము నీలముగను, దీపమున కెదురుగా నిలిచి నీటిగుండ చూచినచో దీపము నారింజవన్నెగను కనబడును. ఇంకను పాలు కలిపినచో అంతయు తెలుపే. పెరటిలో పొయ్యిపొగను కూడ ఇట్లే చూడవచ్చును: వెనుక చింతచెట్టు నీడ యున్నచో పొగ నీలము; వెనుక తెల్లని యాకాశ మున్నచో అదే పొగ గోధుమవన్నె. కాబట్టి పొగ వన్నెను నిర్ణయించుటకు ముందు దాని వెనుక ఏమున్నదో, సూర్యుడు ఏ ప్రక్కనున్నాడో చూచుకొనవలెను. దీనిని మఱచినవారు ఒకే పొగకు రెండు వన్నెలు చెప్పి వాదులాడుకొందురు.

పొగకు వయస్సు వచ్చుటను కన్నులయెదుటనే చూపు దృష్టాంత మొకటి కలదు. చెప్పుటకు కొంచెము సంకోచింతుము. బీడీ కొననుండి నేరుగా లేచు పొగ నీలముగా నుండును. అదే పొగ త్రాగువాని నోటిలోనికి పోయి తిరిగి వచ్చునపుడు తెల్లగా నుండును. ఆ కొన్ని క్షణములలో కణములు ఒకదానితో నొకటి కలిసి, నోటిలోని తేమను పైన కప్పుకొని పెద్దవైనవి. రైలుస్టేషనులో దూరముగా నిలిచి యెవరినైన చూచిన చాలును. ఈ ప్రయోగమును స్వయముగా చేయవలసిన పని లేదు.

అడవిపొగయందును మొదట జరుగునది యిదియే. దట్టమైన పొగలో కణములు ఒకదానిని ఒకటి ఢీకొని అంటుకొనును. సంఖ్య తగ్గును, పరిమాణము పెరుగును. పొగతోపాటు లేచిన ఆవిరులు సూర్యరశ్మిలో గాలియందలి ఓజోను మొదలగు చురుకైన పదార్థములతో కలిసి రూపుమారి, ఆవిరిగా నిలువలేక కణములపై పూతగా దిగును. పూసలదండవలె విడివిడిగా నున్న మసిగొలుసు ఆ పూతవలన ముడుచుకొని ఉండయగును. జిడ్డు ప్రాణవాయువును గ్రహించినకొలది నీటిని ఇష్టపడు గుణమును పొందును. తేమగల తెల్లవారుజామున ఆ కణములు నీటిని పీల్చి ఉబ్బును. అందుచేతనే అదే పొగ మధ్యాహ్నముకంటె ఉదయమున మఱింత తెల్లగను దట్టముగను కనబడును.

2000 సంవత్సరమున ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున సఫారి యను పేర గొప్ప పరిశోధన జరిగినది. అందు బ్రిటిషు వాతావరణశాఖవారి విమానము ఒక పొలమున పెట్టిన నిప్పునుండి లేచిన పొగను వెంబడించి కొలతలు తీసినది. నిప్పునొద్ద పొగచేత దారితప్పిన వెలుతురును నూఱు పాళ్లనుకొన్నచో 84 పాళ్లు చెదరగా 16 పాళ్లు మ్రింగబడెను. అయిదు గంటలలో అది 90కి 10 ఆయెను. మ్రింగు భాగము 16 నుండి 10కి దిగుట స్వల్పముగా తోచవచ్చును; కాని అది మూడవ వంతుకంటె ఎక్కువ తగ్గుదల. పలుచబడుట యొక్కటే కారణమైనచో ఈ నిష్పత్తి మారదు. మహానందినుండి పాణ్యము మీదుగా ఓర్వకల్లు దారి పట్టు పొగకు పట్టు కాలమును అదియే.

ఇంతవఱకు కథ సులభము: పెరిగెను, తెల్లనాయెను. అయితే ఇందు రెండు చిక్కులు కలవు. మా దృష్టిలో రుచియంతయు ఆ చిక్కులలోనే యున్నది.

మొదటి చిక్కు మసియొక్క పూతవలన కలుగునది. వేసవిలో షర్బతులో వేయు సబ్జాగింజలను అందఱు నెఱుగుదురు. ఎండుగింజ చిన్నది, నల్లనిది. నీటిలో నానినచో నల్లని గింజచుట్టు తెల్లని పారదర్శకమైన జిగురు ఏర్పడును. ముదిరిన పొగయందలి మసికణము సరిగా అట్లుండును. ఆ పారదర్శకమైన పూత భూతద్దమువలె పనిచేసి, ప్రక్కగా పోవలసిన వెలుతురును కూడ లోపలి నల్లని గింజవైపునకు త్రిప్పును. అందుచేత పూత తెల్లనిదైనను, లోపలి మసి మునుపటికంటె ఎక్కువ వెలుతురును మ్రింగవలెను! లెక్కప్రకారము ఈ హెచ్చు రెట్టింపువఱకు పోవచ్చును. కాని 2012లో ప్రచురింపబడిన కాలిఫోర్నియా గాలి కొలతలలో అది నూటికి 6 పాళ్లు మాత్రమే కనబడెను. తరువాత ఇతరస్థలములలో అంతకంటె చాల హెచ్చుగా కనబడినది. గింజ సరిగా నడుమ నుండక ప్రక్కకు ఒరిగియుండుట, అన్ని గింజలకును పూత సమముగా లేకుండుట ఇందుకు కారణములని పండితులు చెప్పుదురు. సబ్జాగింజలన్నియు ఒక్కతీరుగా నానవు కదా.

రెండవ చిక్కు జిడ్డుయొక్క వన్నె. మసి అన్ని వన్నెలను మ్రింగును, కావున నల్లనిది. జిడ్డు నీలమును, కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను ఎక్కువగా మ్రింగి ఎఱుపును విడిచిపెట్టును. కావున అది తేనెవన్నె, ఇటుకవన్నె. ఈ జిడ్డును నేటి శాస్త్రజ్ఞులు గోధుమవన్నె కర్బనమని ప్రత్యేకముగా లెక్కింతురు. వెనుకటి లెక్కలలో పొగయందు మసి తప్ప వేఱేదియు వెలుతురును మ్రింగదని యెంచి పొరపడినవారు పలువురు.

ఈ జిడ్డు వన్నె కొంతసేపు ముదురును, పిమ్మట వెలియును. ముదురుట యెట్లనగా, వంకాయను కోసి కొంతసేపు గాలికి ఉంచినచో ముక్క నల్లబడుటను ఇంట తల్లులు ఎఱుగుదురు. వంకాయలోని ఫీనోలు జాతి పదార్థములు ప్రాణవాయువుతో కలియుటచేత ఆ నలుపు కలుగును. కట్టె కాలినపుడును దాని గట్టిభాగమగు లిగ్నిను విరిగి ఫీనోలు జాతి ఆవిరులు పుట్టును. అవి పొగలోని నత్రజని సమ్మేళనములతో కలిసి పసుపు, గోధుమ వన్నెల క్రొత్త పదార్థములగును. రాత్రివేళ సూర్యుడు లేనందున ఈ నత్రజని పని మఱింత సాగును. కావున రాత్రి లోయలో నిలిచిన పొగ తెల్లవారుసరికి మునుపటికంటె గోధుమవన్నె పొందవచ్చును.

వెలియుట యెట్లనగా, సాయము వేసిన పంచెను దినదినము ఎండలో ఆరవేసినచో వన్నె పోవునట్లే. సూర్యరశ్మియు, గాలిలోని చురుకైన పదార్థములును ఆ వన్నెగల అణువులను విఱుగగొట్టును. 2013లో కాలిఫోర్నియాయందలి యోసెమిటీ ప్రక్కను "రిమ్" అను పేరుగల పెద్ద అడవినిప్పు రేగినది. దాని పొగలో విమానములద్వారా కొలువగా, గోధుమవన్నె 9 మొదలు 15 గంటలకు సగము చొప్పున తగ్గుచు వచ్చెను. అయినను రెండుదినములు గడచిన పిమ్మటను కొద్దిభాగము వెలియక నిలిచియుండెను. ఇంతటితో నియమము దొరకినదని కొందఱు సంతోషించిరి. కాని 2019లో అమెరికా పడమటి రాష్ట్రములలో నాసా, నోవా సంస్థలవారు పెక్కు పొగలను వెంబడించి చూడగా, మొదటి యెనిమిది గంటలలో కొన్నింట వన్నె తగ్గెను, కొన్నింట హెచ్చెను. ఏ కట్టె కాలెనో, పగలో రాత్రియో, ఎంత యెత్తున పోయెనో వానిని బట్టి మార్పు వేఱగును. నేలకు దగ్గరి వెచ్చని తేమగాలిలో జిడ్డు మెత్తబడి త్వరగా వెలియును. పైనెత్తున చలిగాలిలో అది గాజువలె గట్టిపడి, లోపలి వన్నెకు హాని కలుగకుండ చాలదినములు కాపాడును. మన నల్లమల నిప్పులు ఎక్కువగా నేలగడ్డి, ఎండుటాకు కాలునవి. వాని పొగ కెనడా దేశపు మహాటవుల పొగవలె మేఘములను దాటి మిక్కిలి ఎత్తునకు లేవదు. కావున మన పొగ వెచ్చని గాలిలోనే యుండి త్వరగా వెలియుటకు అవకాశము హెచ్చు.

అయితే తెల్లబడుట పొగకు తుదిమెట్టు కాదు. ఆఫ్రికాఖండపు పొగ పడమటి సముద్రముపై వేలకొలది కిలోమీటర్లు సాగిపోవును. 2016 మొదలు 2018 వఱకు నాసావారు అచ్చట విమానములతో కొలతలు తీసిరి. దాదాపు వారముదినముల వయస్సుగల పొగ వారికి తిరిగి నల్లగా కనబడినది! పూతగా నున్న జిడ్డు ఎండకు, గాలికి క్రమముగా విఱిగి ఆవిరియై పోగా, మసి మిగిలెను. మసిని ఎండ వెలయజేయలేదు. వానయే దానిని నేలకు దింపవలెను. కావున పొగ మొదట నల్లన, పిమ్మట తెల్లన, కడపట తిరిగి నల్లన కావచ్చును. ఇది మనుష్యుని తలవెండ్రుకల క్రమమునకు విరుద్ధము.

వయస్సు వచ్చిన పొగ చూపు వింతలలోకెల్ల వింత నీలిసూర్యుడు. 1950 సెప్టెంబరులో కెనడాయందలి ఆల్బర్టా, బ్రిటిషు కొలంబియా అడవులు కాలెను. ఆ పొగ అట్లాంటిక్ సముద్రమును దాటి 26వ తేదీన స్కాట్లండు చేరగా, అచ్చటివారు ఆకాశమున నీలమైన సూర్యుని, రాత్రి నీలమైన చంద్రుని చూచి భయపడిరి. ఎడిన్‌బరోలో రాబర్టు విల్సన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు దూరదర్శినితో ఆ వెలుతురును కొలిచెను. దీర్ఘప్రయాణములో కణములన్నియు పెరిగి ఇంచుమించు ఒకే పరిమాణమునకు, అనగా మైక్రాను దరిదాపునకు, వచ్చియుండెను. అట్టి కణములు నీలముకంటె ఎఱుపునే ఎక్కువగా చెదరగొట్టును. కావున నేరుగా కంటికి చేరినది నీలము. పసిపొగగుండ చూచిన సూర్యుడు ఎఱ్ఱన, ఆ ముదిపొగగుండ చూచిన సూర్యుడు నీలము.

ఇట్టి వింతను మన దక్షిణదేశము కూడ ఒకసారి చూచినది. అది పొగవలన కాదు, అగ్నిపర్వతమువలన. 1883 ఆగస్టులో క్రకటోవా ప్రేలగా, సెప్టెంబరు మాసమున మద్రాసునందు కొన్నిదినములు ఉదయాస్తమయములలో సూర్యుడు ఆకుపచ్చగా కనబడెను. మద్రాసు క్రైస్తవకళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచుండిన మిచీ స్మిత్ దొరగారు వర్ణపటదర్శినితో ఆ సూర్యుని పరీక్షించి వ్రాసిరి. తరువాత కోడైకెనాల్ సూర్యపరిశీలనాలయమునకు అధిపతియైనవారు వీరే. మిషను కళాశాలలోని ఒక ఉపాధ్యాయుడు తరగతికి పోవుచు తల యెత్తి చూచుటచేత శాస్త్రమునకు మేలు కలిగినదని చెప్పుకొనుట మాకు ఇష్టము.

ఎఱ్ఱని ఆకాశమును గూర్చి కూడ ఒకమాట. 2020 సెప్టెంబరు 9న సాన్‌ఫ్రాన్సిస్కోలోను, 2023 జూనులో క్యూబెక్ అడవుల పొగ దిగినపుడు న్యూయార్కులోను పట్టపగలు నారింజవన్నె కమ్ముకొనెను. మా విద్యార్థుల బంధువులు కొందఱు ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్నారు. అట్టివారు పంపిన ఛాయాచిత్రములను ఇంట అడిగి చూడుడు. పొగ పలుచనైనపుడు తెల్లగా కనబడు కణములే మిక్కిలి దట్టమై నీలము నంతయు ప్రక్కలకు చెదరగొట్టి, కొంత మ్రింగి, ఎఱుపును మాత్రమే క్రిందికి విడిచినచో అట్లగును. పాలనీళ్లగుండ చూచిన దీపము వంటిదే యిదియు.

ఇవన్నియు దూరదేశపు కొలతలు. మన సీమలో కొలుచువారు లేరా యని యడుగుదురేమో. కలరు. మనకు నైరుతిదిక్కున అనంతపురములో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమువారు ఇస్రో సహాయముతో గాలిలోని మసిని కొలిచిరి. ఆ యంత్రము గాలిని ఒక తెల్లని పట్టీగుండ పీల్చి, పట్టీపై పడిన మచ్చ ఏడు వన్నెల వెలుతురును ఎంతెంత మ్రింగునో చూచును. అన్ని వన్నెలందును పొడవునకు తగినట్లు క్రమముగా తగ్గినచో అది వాహనముల మసి. నీలమువైపు మాత్రము అమితముగా హెచ్చినచో కట్టెపొగ కలిసినదని తెలియును. 1999లో హిందూమహాసముద్రముపై జరిగిన ఇండోయెక్స్ పరిశోధన, రామనాథన్ మొదలగువారి యాధ్వర్యమున, మన దేశమునుండి సముద్రముమీదికి పోవు గోధుమవన్నె తెఱను లోకమునకు తెలియజేసెను. అడవినిప్పులను ఉపగ్రహములద్వారా కనిపెట్టి అటవీశాఖలకు తెలుపు ఏర్పాటును భారత అటవీ సర్వేక్షణవారు 2004లో ప్రారంభించిరి. ఉపగ్రహము నిప్పును వేడినిబట్టి గుర్తించును. పొగను లెక్కించుటకు మాత్రము పొగ చెదరగొట్టుపాలెంత, మ్రింగుపాలెంత యని ముందుగా అనుకొనవలెను. పొగ వయస్సు తెలియనిదే ఆ యూహ సరిపడదు.

పొగ భూమిని వేడిచేయునా, చల్లబరచునా యనుటయు దీనిపైననే ఆధారపడియున్నది. తెల్లనైన పొగ మన నల్లరేగడిపైన, అడవిపైన నిలిచినచో సూర్యరశ్మిని పైకి త్రిప్పిపంపి నేలను కొంత చల్లబరచును. అదే పొగ తెల్లని మేఘములపైన నిలిచినచో, మేఘము త్రిప్పిపంపవలసిన వెలుతురును తాను మ్రింగి వేడిని పెంచును. ఒకే పొగ, క్రిందనున్న నేలను బట్టి రెండు పనులు.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది వేఱొకటి. పొగ తెల్లనైనంతమాత్రమున కణములు పోయినవని కాదు. అవి ఇంకను రెండున్నర మైక్రానులకంటె చాల చిన్నవే; ఊపిరితిత్తుల అడుగుననున్న గాలితిత్తులవఱకు పోగలవు. ముదిరిన పొగయందు ప్రాణవాయువుతో కూడిన పదార్థములు హెచ్చును. కొన్ని ప్రయోగములలో అట్టి పదార్థములు ఊపిరితిత్తుల కణజాలమును మఱింత బాధించుట కనబడినది. ఇట్టి సూక్ష్మకణములు ఘనమీటరు గాలిలో ఒక దినమునకు సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని మన ప్రభుత్వము 2009లో నిర్ణయించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2021లో 15 మాత్రమే చెప్పిరి. ఉబ్బసముగల పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు తెల్లనిపొగయు పొగయే. ముఖమునకు తడిగుడ్డ కట్టుకొనుట మన వాడుక. అది దుమ్మును ఆపును గాని ఈ కణములను ఆపజాలదు. ఎన్-95 అను ముఖతొడుగు ఆపును. ఇంట కట్టెలపొయ్యి యున్నచో, బయట పొగపట్టిన ఉదయమున రెండుపొగలును కలియునని గుర్తుంచుకొని, కిటికీ లేని గదిలో చంటిబిడ్డను పడుకొనబెట్టకుండుట మంచిది.

యంత్రము లేనివారికి పొగను అంచనావేయు సాధనము నల్లమలయే. పొగ వన్నెను చూడవలదు. అది వయస్సును బట్టి మోసపుచ్చును. చూపు ఎంతదూరము పోవునో చూడవలెను. చెదరినను, మ్రింగినను, కొండనుండి మన కంటికి రావలసిన వెలుతురు తగ్గుట యొక్కటే. మెట్టయైన తావున తూర్పుముఖముగా నిలిచి, దగ్గరనున్న చింతచెట్టు, నడుమ దూరమున నంద్యాలవైపు కనబడు ఎత్తైన కట్టడము, కడపట నల్లమల గీత, ఈ మూడింటిని గుర్తుగా పెట్టుకొనుడు. మూడును స్పష్టముగా కనబడిన ఉదయమున పరుగుపందెములు పెట్టవచ్చును. కొండగీత మాయమై నడుమ గుర్తు మసకబారినచో, ఉబ్బసముగల పిల్లలను ఆటలనుండి తప్పించవలెను. నడుమ గుర్తు కూడ కనబడనిచో ఆటలను సాయంకాలమునకు మార్చవలెను. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచి కలసినపిమ్మట క్రింద పట్టియున్న పొగ కొంత తేలిపోవును. తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు, కనబడిన గుర్తులు, సూర్యుని వన్నె, ఈ అయిదింటిని ఫిబ్రవరినుండి మే వఱకు ఒక నోటుపుస్తకమున వ్రాయువారికి మా సైన్సుగదిలో చోటు కలదు.